ఆత్మే నిజమైతే, చేతి స్పర్శకి విలువేంటి?



పంచకోశాల మీద చేసిన వీడియో చూశాక ఒక తమ్ముడు నాకు ఇలా రాశాడు. "అక్కా, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్న ఊళ్ళో ఉంటారు. నాన్నకి ఒంట్లో బాగోదు. రోజూ వీడియో కాల్ చేస్తాను, డబ్బు పంపిస్తాను, ఆయన పేరు మీద అర్చన చేయిస్తాను. శరీరం పైపొర మాత్రమే, ఆత్మే నిజం అని మీరే చెప్పారు కదా. మరి వెళ్ళి పక్కన కూర్చుంటేనే ప్రేమ ఉన్నట్టా?"

చాలామంది మనసులో ఉండి, పైకి అడగని ప్రశ్న ఇది. దీనికి రెండు ముక్కల్లో జవాబు చెప్పేయొచ్చు. కానీ ఇందులో "పైపొర మాత్రమే" అన్న మాట ఒకటి ఉంది. ముందు దాని సంగతి చూద్దాం.

తెలుగు మీడియంలో బైపీసీ చదివినవాళ్ళకి 'వల్కలం' అనే మాట గుర్తుండే ఉంటుంది. కార్టెక్స్ అనే మాటకి మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు అది. లాటిన్‌లో కార్టెక్స్ అంటే చెట్టు బెరడు. సంస్కృతంలో వల్కలం అన్నా అదే. రాముడు అడవికి వెళ్తూ కట్టుకున్న నారబట్టలు ఈ వల్కలాలే. లోపలి భాగానికి మన పుస్తకాలు 'దవ్వ' అని పేరు పెట్టాయి, అరటి దవ్వలో ఉన్న దవ్వే. మూత్రపిండంలో వల్కలం, దవ్వ ఉంటాయి. దాని నెత్తిన చిన్న టోపీలా కూర్చునే అడ్రినల్ గ్రంథిలోనూ ఉంటాయి. మెదడుకీ ఒక వల్కలం ఉంది.

మనకి ఒక అలవాటుంది. పైది తొక్క, లోపలిది సారం అనుకుంటాం. కొబ్బరికాయ పీచు లాగేస్తాం, అరటిపండు తొక్క పారేస్తాం. శరీరాన్ని కూడా అదే లెక్కలో చూస్తాం. కానీ ప్రాణం ఉన్నవాటిలో ఈ లెక్క చాలాచోట్ల తిరగబడుతుంది.

చెట్టునే తీసుకోండి. ముదిరిన మాను నడిమధ్య ఉండే చేవలో దాదాపు అన్నీ చచ్చిన కణాలే. చెట్టుని నిలబెట్టడానికి అది పనికొస్తుంది, అంతే. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్ళకి దిగేది బెరడు లోపలి పొర గుండా. అందుకే మాను చుట్టూ ఒక పట్టీలాగా బెరడు వలిచేస్తే, లోపల చేవ ఎంత గట్టిగా ఉన్నా చెట్టు మెల్లగా చచ్చిపోతుంది. నడుమ బోలుపడిపోయిన ముసలి చింతచెట్టు మాత్రం ఏళ్ళ తరబడి చిగురిస్తూనే ఉంటుంది.

అడ్రినల్ గ్రంథిలోనూ ఇదే కథ. దాని దవ్వ నుంచి వచ్చేది అడ్రినలిన్. భయం వేస్తే గుండె దడదడలాడించేది అదే కాబట్టి ఆ పేరు అందరికీ తెలుసు. కానీ దవ్వ లేకపోయినా మనిషి బతకగలడు. వల్కలం పనిచెయ్యడం మానేస్తే, ఆ హార్మోన్లు మందు రూపంలో ఇవ్వకపోతే బతకడు. ఈ గ్రంథి దెబ్బతింటే వచ్చే జబ్బుని 1855లో థామస్ అడిసన్ అనే ఇంగ్లీషు డాక్టరు వివరించాడు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ వల్కలంలో మూడు పొరలు. పైపొర నుంచి వచ్చే హార్మోను ఒంట్లో ఉప్పూ నీళ్ళ లెక్క చూసుకుంటుంది. మధ్య పొర నుంచి వచ్చేది కార్టిసాల్. జ్వరం వచ్చినా, ఆకలేసినా, దిగులు పట్టుకున్నా తట్టుకోవడానికి ఒంటిని సిద్ధం చేసేది అదే. అవసరం తీరాక అది తగ్గాలి. తగ్గకుండా రోజుల తరబడి ఎక్కువగానే ఉండిపోతే మనిషిని లోపల్నుంచి అరగదీస్తుంది.

ఇక మెదడు వల్కలం. మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు, ముడతలు పడి తలలో సర్దుకుని ఉంటుంది. కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ మూర్ఛరోగులకి మెలకువలోనే ఆపరేషన్ చేసేవాడు. మెదడుకి తన నొప్పి తనకి తెలీదు కాబట్టి అది సాధ్యం. ఆ పొర మీద ఒక్కోచోట సన్నటి కరెంటు తాకిస్తే ఒకరికి బొటనవేలు జివ్వుమనేది, ఇంకొకరికి పెదవి. అవన్నీ గుర్తులు పెట్టుకుంటూ 1937లో సహచరుడు బోల్డ్రీతో కలిసి స్పర్శకి ఒక పటం ప్రకటించాడు. ఆ పటంలో వీపంతటికీ దొరికిన చోటు తక్కువ. చేతివేళ్ళకీ పెదవులకీ దొరికింది ఎక్కువ. అంటే ఎవరైనా మన చెయ్యి పట్టుకుంటే, ఆ పట్టుకోవడం తోలు దగ్గర ఆగిపోదు. తలలోని ఆ పల్చటి పొరదాకా వెళ్తేనే అది 'స్పర్శ' అవుతుంది.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న దగ్గరికొస్తున్నాను.

మన చర్మంలో కొన్ని సన్నటి నరాలున్నాయి. ఏ వస్తువు తగిలింది, ఎక్కడ తగిలింది అన్నది వాటికి పెద్దగా పట్టదు. సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, గోరువెచ్చని చేత్తో నిమిరితే అవి బాగా పలుకుతాయి. అమ్మ బిడ్డ వీపు నిమిరే వేగం అదే. జబ్బు వల్ల మామూలు స్పర్శ నరాలు పోయిన ఒకావిడ మీద స్వీడన్ పరిశోధకులు చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. మెత్తటి కుంచెతో నెమ్మదిగా నిమిరితే, ఏం తగిలిందో ఆవిడ సరిగ్గా చెప్పలేకపోయింది. కానీ అది హాయిగా ఉందని మాత్రం చెప్పగలిగింది. మెదడు వల్కలంలో స్పర్శ పటం ఉన్న చోటు కాక, ఇన్సులా అనే వేరే భాగం మేలుకుంది. ఆ భాగానికి మన అనుభూతులతో సంబంధం ఉంది.

అదే మాంట్రియల్‌లో మైకేల్ మీనీ బృందం 1997లో ఎలుకల మీద ఇంకో సంగతి చూపించింది. పుట్టిన మొదటి పది రోజుల్లో తల్లి ఎక్కువగా నాకి, సవరించి పెంచిన పిల్లలు పెద్దయ్యాక, భయపెట్టే పరిస్థితి వచ్చినప్పుడు వాటి అడ్రినల్ వల్కలం తక్కువ హార్మోను వదిలింది. అంటే పైతోలు మీద పడిన స్పర్శ, లోపలి రెండు వల్కలాలకీ ఎప్పుడు బెదరాలో, ఎప్పుడు కుదుటపడాలో నేర్పింది. మనుషులు ఎలుకలు కారు, నిజమే. కానీ 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఎడ్గార్ రే అనే డాక్టరు, నెల తక్కువ పిల్లల్ని తల్లి గుండెకి ఆనించి కట్టి ఉంచే పద్ధతి మొదలుపెట్టాడు. ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో పుట్టిన ఆ ఉపాయాన్ని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే చెయ్యమంటోంది. కంగారూ మదర్ కేర్ అంటే అదే.

ఇదంతా చెప్పి "కార్టిసాల్ తగ్గుతుంది కాబట్టి నాన్న చెయ్యి పట్టుకో" అనడం నా ఉద్దేశం కాదు. అలా అంటే ప్రేమ కూడా మందుల చీటీ అయిపోతుంది. నేను చెప్పేది ఇది. నాన్న అనే ఆత్మ శరీరమనే డబ్బాలో పెట్టిన వస్తువు కాదు. ఆయనకి ప్రేమ చేరే దారుల్లో ఆ తోలు ఒకటి. వీడియో కాల్‌లో మాట వెళ్తుంది, మొహం వెళ్తుంది. చెయ్యి వెళ్ళదు.

మా అమ్మమ్మకి చివరి రోజుల్లో మా పేర్లు గుర్తుండేవి కావు. సాయంత్రం అయితే చాలు, ఎక్కడున్నానో తెలీక కంగారుపడేది. మేమంతా "అమ్మమ్మా, ఇది మనిల్లే" అని చెప్తూనే ఉండేవాళ్ళం. ఆ మాట ఆవిడకి ఎక్కేది కాదు. మా అమ్మ మాత్రం ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చుని, కొబ్బరినూనె తీసుకుని ముంజేతి మీద మెల్లగా రాసేది. కాసేపటికి ఊపిరి నెమ్మదించేది. పేరు తెలీదు, ఊరు తెలీదు, ఎవరో దగ్గరున్నారని మాత్రం తెలుసు. ఆ పూట ఆవిడకి అందిన దైవం అదే అని నేను నమ్ముతాను.

"మరి శాస్త్రం శరీరాన్ని పొర అనే కదా అంది?" అని మీరు అడగొచ్చు. అంది. తైత్తిరీయోపనిషత్తులో భృగువు తండ్రి వరుణుడి మాట మీద తపస్సు చేస్తాడు. ముందు అన్నమే బ్రహ్మం అనుకుంటాడు, తర్వాత ప్రాణం, మనస్సు, విజ్ఞానం, చివరికి ఆనందం. ఇక్కడిదాకా మనందరికీ తెలుసు. నా వీడియో కూడా ఇక్కడే ఆగింది. కానీ ఉపనిషత్తు ఇక్కడ ఆగలేదు. ఆనందం దాకా వెళ్ళినవాణ్ణి మళ్ళీ మొదటి పొర దగ్గరికే తీసుకొస్తుంది. అన్నాన్ని నిందించకు, అన్నాన్ని పారేయకు, అన్నాన్ని సమృద్ధిగా చెయ్యి, ఇంటికి వచ్చినవాణ్ణి పొమ్మనకు అని వ్రతాలు చెప్తుంది. పైపొరని దాటమంది నిజమే, చులకన చెయ్యమనలేదు. పైగా దాటినవాడికే ఎదుటివాడి ఆకలి బాధ్యత అప్పజెప్పింది.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మనిషిని చెట్టుతో పోలుస్తాడు. వెంట్రుకలు ఆకులు, చర్మం బెరడు, నెత్తురు ఆ బెరడు గాయంలోంచి కారే రసం. బెరడుకి గాయమైతే కారేది చెట్టు ప్రాణరసమే అని ఆ ఋషికి తెలుసు.

కాబట్టి నాకు అర్థమైనంతలో వైరాగ్యానికి ఒక దిక్కు ఉంది. "ఈ శరీరం పైపొరే" అన్న మాట నా సుఖం గురించి, నా అందం గురించి, నా నొప్పి గురించి నేను చెప్పుకోవాల్సింది. ఎదుటివాళ్ళ ఆకలి గురించో, ఒంటరితనం గురించో ఆ మాట వాడామంటే అది వేదాంతం కాదు, తప్పించుకోవడం. మన సమాజం ఈ తప్పు చాలా పెద్ద ఎత్తున చేసింది. అందరిలో ఉన్నది ఒకే ఆత్మ అని చెప్తూనే, కొందరిని ముట్టుకోకూడదంది. ఆత్మ ఒకటే అయినప్పుడు ముట్టుకుంటే ఏమైందని అడగలేదు. స్పర్శ నిరాకరించడం తోలుకి మాత్రమే తగిలే దెబ్బ కాదు. అది మనిషి లోపలిదాకా దిగుతుంది.

స్పర్శ ఇష్టం లేనివాళ్ళూ ఉంటారు, వాళ్ళ ఇష్టాన్ని గౌరవించాలి. సెలవు దొరకనివాళ్ళు, వీసా సమస్యల్లో విదేశంలో చిక్కుకున్నవాళ్ళు ఉంటారు. వెళ్ళలేకపోవడం పాపం కాదు. వెళ్ళగలిగి, "ఆత్మే కదా ముఖ్యం" అని వెళ్ళకపోవడం గురించే నేను మాట్లాడుతున్నది.

సుందరకాండ అయ్యాక యుద్ధకాండ మొదట్లో ఒక ఘట్టం ఉంది. సీత జాడ తెచ్చిన హనుమంతుడికి ఏమివ్వాలో రాముడికి తోచదు. రాజ్యం లేదు, నగలు లేవు, ఒంటి మీద ఉన్నవి నారబట్టలు. ఇంత మేలు చేసినవాడికి తగినదేదీ ఇవ్వలేకపోతున్నానని బాధపడతాడు. ఇప్పుడు నా దగ్గరున్న సర్వస్వం ఈ కౌగిలింతే అని చెప్పి, హనుమంతుణ్ణి గుండెకి హత్తుకుంటాడు.

తమ్ముడూ, అర్చన చేయించు, మంచిదే. డబ్బు పంపించు, అదీ కావాలి. ఈ శనివారం మాత్రం బస్సెక్కు. నాన్న పక్కన మంచం మీద కూర్చో. పాదాలకి దణ్ణం పెట్టాక చెయ్యి వెంటనే తీసెయ్యకు, కాసేపు అలాగే ఉంచు.