బలహీనమైన నారు

(ధ్యానమునకు వాక్యభాగము: ఆదికాండము 33:12–17)



మిరప పేరు బైబిలులో లేదు, వెదకి అలసిపోవద్దు. ఆ మొక్క అమెరికా ఖండముది. 16వ శతాబ్దములో పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చినది. అపొస్తలులు దాని కారమెరుగరు. అయినను గుంటూరు, ప్రకాశము, ఖమ్మము ప్రాంతములలోని మన సంఘములలో అనేక కుటుంబములు దానివలననే బ్రదుకుచున్నవి. పిల్లల చదువు, ఆడపిల్ల పెండ్లి, కోత పండుగకు దేవుని సన్నిధికి తెచ్చు కానుక సయితము మిరప కల్లమునుండియే వచ్చుచున్నవి. గనుక ఈ నెల మనము నారుమడి గట్టుమీద కూర్చుండి వాక్యమును ధ్యానింతము.

నారు పోయుట మీకు నేను నేర్పవలసిన పని కాదు. జూలై, ఆగస్టు నెలలలో నేలకంటె 15 సెంటీమీటర్ల ఎత్తున మడి కట్టి, విత్తనము చల్లి, పైన గడ్డి కప్పి, చిల్లుల మూతిగల డబ్బాతో నీళ్లు చల్లుదురు. 8 లేక 10 దినములకు మొలక కనబడును. 6 వారములకు నారు పొలములో నాటుటకు వచ్చును. ఇప్పుడు అనేకులు నీడ వలల క్రింద ట్రేలలో పెంచిన నారును కొని తెచ్చుకొనుచున్నారు. ఎక్కడ పెంచినను సంగతి ఒక్కటే. విత్తనము ఒకటే, చల్లిన చేయి ఒకటే, దినము ఒకటే. అయినను మూడవ వారమునకు కొన్ని మొక్కలు నాలుగు ఆకులు వేసి నిటారుగా నిలుచును. కొన్ని పచ్చబడి, సన్నగిలి, రెండాకులతోనే నిలిచిపోవును.

అప్పుడు తొందరపడు రైతు ఏమి చేయును? యూరియా గుప్పించును, నీళ్లు మరింత పెట్టును. వాని ప్రేమ మంచిదే గాని వాని చేయి మంచిది కాదు. అతిగా యూరియా తినిన నారు ఏపుగా సాగునే గాని కాండములో బలముండదు. నీరు నిలిచిన మడిలో వేళ్లకు గాలి అందదు, ఆకు మరింత పచ్చబడును. అదే తడిలో నారుకుళ్లు తెగులు పుట్టును. నేలను తాకుచున్న చోట కాండము నీరుపట్టి, మెత్తబడి, దారమువలె సన్నగిల్లును. సాయంత్రము నిలిచియున్న మొక్క ఉదయమునకు పడియుండును. ఎండిపోయి చచ్చిన నారుకంటె ముంచగా చచ్చిన నారే అధికమని అనుభవముగల పెద్దలు చెప్పుదురు.

తెలిసిన రైతు మొదట కారణము చూచును. ఒత్తుగా మొలచిన చోట కొన్ని తీసి పలుచన చేయును. కప్పిన గడ్డి మొలక వచ్చిన తరువాతను తీయకుండిన యెడల తీసివేయును, ఏలయనగా వెలుతురు లేక మొక్క పాలిపోవును. నీరు తగ్గించి కాలువ తీయును. కుళ్లు కనబడినచో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మడి తడుపును. తరువాత కనిపెట్టును. ఈ కనిపెట్టుటయే కష్టమైన పని, అది సంచిలో అమ్మబడునది కాదు.

మన వాక్యభాగములో యాకోబు 20 సంవత్సరములు లాబాను మందలు కాచి స్వదేశమునకు తిరిగి వచ్చుచున్నాడు. ఏశావు 400 మందితో ఎదురువచ్చి, కలసి పోదము రమ్మనెను. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారు, మందలో పాలిచ్చునవి ఉన్నవి, ఒక్క దినము వడిగా తోలినను మంద చచ్చును. నీవు ముందు సాగుము, నేను వీటి నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదనని అతడు చెప్పెను. ఆ మాటలో అన్న యెడల భయము కూడ కొంత కలసియున్నదని నా తలంపు, ఏలయనగా అతడు శేయీరునకు పోక సుక్కోతునకు పోయెను. అయినను కాపరిగా అతడు చెప్పినది సత్యమే. మంద వేగమును ఏశావు దండు నిర్ణయింపకూడదు, పాలు త్రాగు పిల్ల నిర్ణయింపవలెను.

ఇప్పుడు మన సంఘమును చూడుడి. బాప్తిస్మపు తరగతిలో 10 మంది కూర్చుందురు. 7 గురు విశ్వాస ప్రమాణమును, పది ఆజ్ఞలను కంఠత చెప్పుదురు. ముగ్గురికి రాదు. ఒకడు బడి ముఖమెరుగని కూలివాడు. ఒకతె భర్తకు తెలియకుండ వచ్చుచున్నది. మరియొకడు సారా మాని 2 నెలలే అయినది, నడుమ ఒకసారి పడిపోయెను. పెద్దలలో ఒకరు అందరి యెదుట, నీవు వచ్చే సంవత్సరము రావయ్యా అందురు. ఆ మనుష్యుడు వచ్చే సంవత్సరము కాదుగదా, వచ్చే ఆదివారమే రాడు. మరియొక పెద్ద జాలితో వానికి దినమునకొక ఉపదేశము, రాత్రికొక ప్రార్థన కూటము, ఇంటికి పదిమంది సందర్శకులను పంపును. అదియు యూరియాయే.

అంజూరపు చెట్టు ఉపమానములో తోటమాలి చుట్టు త్రవ్వి ఎరువు వేయుదునని అడుగలేదా అని మీరనవచ్చును (లూకా 13). అడిగెను. అయితే అది మూడేండ్లు ఫలము వెదకబడిన చెట్టు, మూడు వారముల నారు కాదు. అనేక సంవత్సరములు ముందు వరుసలో కూర్చుండి ఫలింపని వారమైన మనకు ఆ ఎరువు కావలెను. రెండాకుల వానికి వెలుతురు, చోటు, కొంచెము నీరు చాలును.

ఒక సంగతి మరుగుచేయకూడదు. బొబ్బర తెగులు సోకి ఆకు ముడుచుకొనిన మొక్కను రైతు పీకివేయవలసినదే. దానినుండి తెల్లదోమ తెగులును మడియంతటికి మోయును. సంఘములోను కలహమును, అపవిత్రతను వ్యాపింపజేయు పాపము కలదు. దానిని గూర్చి పౌలు కొరింథీయులకు కఠినముగానే వ్రాసెను (1 కొరింథీ 5). అయితే పచ్చబడిన ఆకు వేరు, ముడుచుకొనిన ఆకు వేరు. ఈ రెంటి భేదమెరుగని వానికి మడిలో చేయి పెట్టుటకు సెలవీయరాదు. మెల్లగా నేర్చుకొనుట పాపము కాదు.

అపొస్తలులకే ఈ విషయములో భేదము వచ్చెను. మార్కు అను మారుపేరుగల యోహాను పంఫూలియలో పని విడిచి యెరూషలేమునకు తిరిగి పోయెను. మరల ప్రయాణమైనప్పుడు అట్టివానిని తీసికొనిపోవుట తగదని పౌలు, తీసికొనిపోవలెనని బర్నబా పట్టుబట్టిరి. వాదము తీవ్రమై ఇద్దరు విడిపోయిరి. బర్నబా ఆ బలహీనుని వెంటబెట్టుకొని కుప్రకు ఓడ ఎక్కెను (అపొ. కార్య. 15). కుప్రలో ఏమి జరిగెనో గ్రంథము చెప్పదు. నారు వేరుపట్టు దినములను గూర్చి చెప్పుకొనుటకు ఎప్పుడును ఎక్కువ ఉండదు. అయితే పౌలు తన అంత్యదినములలో చెరలోనుండి తిమోతికి వ్రాయుచు, మార్కును వెంటబెట్టుకొని రమ్మని, అతడు పరిచారమునకు తనకు ప్రయోజనకరుడని చెప్పెను (2 తిమోతి 4:11).

వచ్చే నెల ప్రభువు భోజనమునకు ముందు పెద్దలు సంఘపు పట్టీ చదువుదురు. రాని వారి పేర్లకు గీత పెట్టుటకు ముందు ఒక్కొక్క పెద్ద ఒక్క యింటికి పోవలెను. ఒక్కరే పోవుడి, గుంపుగా పోవద్దు. బాకీ చందా మాట ఎత్తవద్దు. ఏల రాలేదని అడుగక, ఆరోగ్యమును, పొలమును, పిల్లలను గూర్చి అడుగుడి. వారు కూర్చుండమనినయెడల కూర్చుండుడి. చదువురాని వారికి ఒక్క వాక్యము మాత్రము, నిదానముగా, రెండుసార్లు చెప్పి రండి.