ఎంత ఊపు చాలు?

ఆముదమంటే మనవాళ్ళకి లోకువ. ఎవరైనా మొహం ముడుచుకుని కూచుంటే ఆముదం తాగిన మొహం అంటాం. చెట్టులేని వూళ్ళో ఆముదపు చెట్టే మహావృక్షమని వెక్కిరిస్తాం. కానీ 1914-18 నాటి మొదటి ప్రపంచ యుద్ధంలో ఎన్నో విమానాల ఇంజన్లకి ఆ ఆముదమే కందెన అంటే నమ్ముతారా? పెట్రోల్లో తేలిగ్గా కలిసిపోదు, మంచి వేడికి కూడా జారుడు గుణం పోగొట్టుకోదు. అందుకని దాన్నే వాడారట.

ఈ సంగతులన్నీ నాకు మా మేనల్లుడి పుణ్యమా అని తెలిశాయి. వాడు ఎన్‌.సి.సి. ఎయిర్ వింగులో వున్నాడు. అక్కడ పిల్లలకి చిన్న చిన్న విమానాలు కట్టడం, ఎగరెయ్యడం కూడా నేర్పుతారు. ఈ రోజుల్లో చాలామంది బ్యాటరీతో తిరిగే మోటార్లకి మారిపోయారుగాని, వీడికి మాత్రం పొగ కక్కుతూ చెవులు చిల్లులు పడేలా రొద చేసే బుల్లి ఇంజన్లంటేనే మోజు. ఒకరోజు రాజమండ్రిలో మా ఇంటికొచ్చి, "అత్తా, నైట్రో ఐదు శాతం చాలంటావా, పదిహేను వెయ్యమంటావా?" అన్నాడు. బి.ఏ.లో చరిత్ర చదివి కథలు రాసుకునే దాన్ని అడగవలసిన ప్రశ్నేనా? "పులుసులో ఉప్పు సంగతైతే చెబుతాగాని, ఇదేమిట్రా?" అన్నాను.

వాడు చెప్పిందిది. ఆ ఇంజన్ల ఇంధనంలో ముఖ్యమైనది మిథనాల్. అది విషం, కడుపులోకి పోతే కళ్ళు పోతాయి, ప్రాణం కూడా పోవచ్చు. ఇంజను అరిగిపోకుండా అందులో ఆముదమో, మరో నూనో కలుపుతారు. ఆపైన ఊపుకోసం నైట్రోమీథేన్. ఈ మూడోదాని తమాషా వినండి. విడిగా కొలిస్తే దాన్లో వున్న శక్తి పెట్రోల్లో వున్నదానిలో సుమారు నాలుగోవంతే. కానీ అది తన ప్రాణవాయువులో కొంత తనే వెంట తెచ్చుకుంటుంది. కిలో పెట్రోలు మండాలంటే దాదాపు 15 కిలోల గాలి కావాలి. మిథనాల్‌కి ఆరున్నర కిలోలు. నైట్రోమీథేన్‌కి కిలో ఏడువందల గ్రాములు చాలు. అందుచేత ఇంజను పీల్చుకున్న ఆ కాస్త గాలితోనే ఎక్కువ ఇంధనం మండించుకోవచ్చు. అంటే దానికి సొంత బలం తక్కువ, అది అరువిచ్చేది ఊపిరి.

"అయితే ఎక్కువే పొయ్యి, పీడా పోతుంది" అన్నాను.

"అలా కుదరదత్తా! నైట్రో పెంచితే సూది మర ఇంకాస్త తిప్పి ఇంధనం ఎక్కువ వదలాలి. ట్యాంకు తొందరగా ఖాళీ అయిపోతుంది. పైగా లోపల ఒత్తిడి తగ్గించాలి. ఇంజను తలకింద పల్చటి వాషరొకటి వెయ్యాలి. అది మరిచిపోతే, అంటుకోవలసిన క్షణం కంటే ముందే అంటుకుని ఇంజను కాగిపోతుంది. సాయంత్రం ఆపేశాక లోపల మిగిలిన తడి ఆరేదాకా తిప్పి నూనె వెయ్యాలి. లేకపోతే బేరింగులు తుప్పు పడతాయి."

వాడు తనకి కావలసింది తేల్చుకుని వెళ్ళిపోయాడు. మామూలుగా ఎగరేసుకునే ఇంజను కాబట్టి ఐదుతో మొదలుపెడతాట్ట. నాకు మాత్రం ఆ వాషరు మనసులోంచి పోలేదు. ఊపు పెంచితే ఒత్తిడి తగ్గించాలి! ఇంత చిన్న సూత్రం మన ఇళ్ళల్లో ఎందుకు లేదు?

మా పక్క వీధిలో ఒకావిడ వున్నారు. కూతురు ఇంటర్మీడియట్. హాస్టలున్న కాలేజీలో వేశారు. తెల్లారకముందే లేపి, రాత్రి పొద్దుపోయేదాకా చదివిస్తారట. అది చాలదన్నట్టు సెలవులకి ఇంటికి వచ్చిన పదిరోజులూ మళ్ళీ ఇంకో కోచింగు. "మనం ఇవ్వగలిగింది ఇవ్వకపోతే రేపు పిల్ల మనల్నే అంటుంది కదండీ?" అన్నారావిడ. ఆ మాటలో స్వార్థమేమీ లేదు. గాజులమ్మి ఫీజు కట్టిన తల్లి ఆవిడ. అయితే ఆ పదిరోజుల్లోనూ ఆ పిల్ల రోడ్డుమీద తలెత్తి నడవగా నేను చూడలేదు. పలకరిస్తే, "బాగానే వున్నానాంటీ" అంది. గొంతు మాత్రం వేరే చెప్పింది.

ఊపివ్వడం తప్పా? కాదు. మన డెల్టా రైతులకి ఈ విషయం ఎవరూ చెప్పక్కర్లేదు. యూరియా వెయ్యకపోతే చేను పాలిపోతుంది. ఆశకొద్దీ గుమ్మరిస్తే చేను నల్లగా, ఏపుగా, కంటికి పండగ్గా పెరుగుతుంది. పురుగూ తెగులూ వెతుక్కుంటూ వస్తాయి. ఆనక ఒక్క గాలివాన చాలు, కంకి బరువుకి మొత్తం నేలకి ఒరిగిపోతుంది. మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ వరి అంత పేరు తెచ్చుకోవడానికి ఒక కారణం, తక్కువ నత్రజనితోనూ అది బాగా పండటమే. ఎక్కువ అడగని గింజే ఎక్కువమంది కడుపు నింపింది.

మరి అందరికీ ఒకే కొలత పెడితే న్యాయం జరిగిపోతుందా? తీగ చేత్తో పట్టుకుని విమానాన్ని గుండ్రంగా తిప్పే వేగం పోటీ ఒకటుంది. ప్రపంచ స్థాయిలో అందులో నైట్రో చుక్కకూడా వుండదు. 80 పాళ్ళు మిథనాల్, 20 పాళ్ళు ఆముదం. నిర్వాహకులే అందరికీ ఒకే ఇంధనం ఇస్తారు. ఎవరి డబ్బు గెలిచిందో కాకుండా ఎవరి పనితనం గెలిచిందో తెలుస్తుంది. వినడానికి ఎంత బావుందో! కానీ అక్కడికి వచ్చేవన్నీ ఒకే తరగతి ఇంజన్లు. బొటనవేలంత బుల్లి ఇంజన్ల సంగతి వేరు. వాటికి పెద్దవాటికంటే ఎక్కువ శాతం నైట్రో వేస్తేగాని సరిగ్గా అందుకోవు, నిలకడగా తిరగవు. సాయం అవసరమైంది చిన్నదానికి.

మనం చేసేది సరిగ్గా తలకిందులు. ఇంట్లో పుస్తకాలూ, చదువుకున్న తల్లిదండ్రులూ, వేళకి అన్నమూ వున్న పిల్లకి ఇంకో కోచింగు, ఇంకో మాస్టారు. నాట్లకి పోయే తల్లి కూతురు, ఆ ఇంట్లో మొట్టమొదట అక్షరం దిద్దిన పిల్ల, ఒక గంటసేపు కూచోబెట్టి లెక్క చెప్పేవాళ్ళు లేక పదోతరగతిలో ఆగిపోతుంది. గట్టి ఇంజనుకి నైట్రో, బుల్లి ఇంజనుకి నీతులు!

ఇంకొక్క మాట. విమానం పైకెగిరితే చప్పట్లు ఎగరేసినవాడికి పడతాయి. అరిగిపోయేది మాత్రం ఇంజను. పదిమందిలో చెప్పుకోవడానికి రాంకు మనకి కావాలి, దాని ఖరీదు పిల్ల నిద్రలోంచీ, తిండిలోంచీ, నవ్వులోంచీ కట్టాలి. ఖరీదు కట్టేవాళ్ళని అడక్కుండా బేరం కుదర్చడం ధర్మమేనా? ప్రేమతో చేశాం అన్నంతమాత్రాన అది ధర్మమైపోతుందా? నాకైతే అనిపించదు. ఎంత ఊపు అని ఎంచే ముందు, ఏ ఇంజనుకి, ఏ ప్రయాణానికి అని అడగడం పెద్దవాళ్ళ బాధ్యత.

ఆ పక్కవీధి ఆవిడకి కోచింగు మానిపించమని నేను చెప్పలేదు. అలా చెప్పడానికి నేనెవర్ని? "పిల్ల ఇంటికొచ్చినప్పుడు ఓ రెండ్రోజులు మార్కుల మాటెత్తకండి. తలకి నూనె రాసి, ఏం చెబుతుందో వినండి" అన్నాను. ఇంజనుకి మాటలు రావు, రొద మారితే చెవిపెట్టి కనిపెట్టాలి. మన పిల్లలకి నోరుంది. అడగడమే ఆలస్యం.