పగడానికి సొంత రంగు ఉందా?

ఇంట్లో పగడాల అక్వేరియం పెట్టుకునేవాళ్లకు ఎల్‌ఈడీ దీపం దగ్గర ఒక తాత్విక చిక్కు ఎదురవుతుంది. చాలామంది దాన్ని అభిరుచికి వదిలేసి దాటిపోతారు. దీపంలో తెలుపు, నీలం, వయొలెట్, ఎరుపు ఛానళ్లు విడివిడిగా ఉంటాయి. తెలుపు పెంచితే పగడాలు గోధుమ వన్నెలో సాదాసీదాగా కనబడతాయి. తెలుపు తగ్గించి 450 నానోమీటర్ల దగ్గరి రాయల్ బ్లూ పెంచితే అవే పగడాలు పచ్చగా, నారింజగా భగ్గుమంటాయి. ఇందులో ఏది పగడం రంగు, ఏది దీపం వేసిన వేషం? వెలుతురుతో నిమిత్తం లేని సొంత రంగంటూ ఈ అక్వేరియం పగడానికి లేదనీ, అంతమాత్రాన ఏ దీపమైనా ఒకటే అనడానికి వీల్లేదనీ నా వాదన.

సూర్యకాంతి తెల్లనిది, కాబట్టి తెల్ల దీపమే నిజం చెబుతుందనేది మొదటి ఆక్షేపణ. మన శాస్త్రాల్లో ఈ పక్షానికి బలమైన అండ ఉంది. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో రంగు ద్రవ్యంలో ఉండే గుణం. దానికి ఏడు రకాలు చెప్పి, తేజస్సుకు మెరిసే తెలుపును, నీటికి మెరవని తెలుపును కేటాయించాడు. అతను అనుసరించిన న్యాయదర్శనంలో వెలుతురు రంగును చూడటానికి సాయపడుతుందే కానీ, దాన్ని పుట్టించదు. కానీ సముద్రంలోకి దిగిన సూర్యకాంతి తెల్లగా మిగలదు. నీరు ముందు ఎరుపును మింగేస్తుంది. పది, పదిహేను మీటర్ల లోతుకు అది దాదాపు పోతుంది, నీలం మాత్రం ఇంకా చాలా దూరం దిగుతుంది. ఉంగరాల్లో పొదిగే ఎర్ర పగడాన్నే తీసుకోండి. దాని ప్రసిద్ధ జాతి మధ్యధరా సముద్రంలో, వెలుతురు సన్నగిల్లిన లోతుల్లోనూ గుహల్లోనూ పెరుగుతుంది. కుజుడికి ప్రీతి అని మనం వేలికి తొడుక్కునే ఆ ఎరుపు, పుట్టిన లోతులో ఎర్రగా కనబడదు. న్యాయదర్శనాన్ని నమ్మే నైయాయికుడు ఇక్కడ తడుముకోడు: ఎరుపు అక్కడా ఉంది, చూపించే వెలుతురే లేదు అంటాడు. ఎర్ర పగడం విషయంలో ఆ జవాబు చెల్లుతుంది, ఎందుకంటే దాని రంగు గట్టి అస్థిపంజరంలోనే ఉంది.

అక్వేరియం పగడాల మెరుపు దగ్గర మాత్రం చెల్లదు. ఆ మెరుపు కొన్ని ప్రొటీన్ల పని. ఆ కుటుంబంలో మొదటిదాన్ని ఒసాము షిమొమురా 1962లో ఒక జెల్లీఫిష్‌లో గుర్తించాడు. 2008 రసాయనశాస్త్ర నోబెల్‌లో అతనికి వాటా దక్కింది. 1999లో ఎర్రగా వెలిగే ప్రొటీన్ డిస్కోసోమాలో దొరికింది. అక్వేరియంవాళ్లు మష్రూమ్ అని పిలుచుకునేది ఆ జాతినే. ఈ ప్రొటీన్లు పొట్టి తరంగాల వెలుతురును పీల్చుకుని, దాన్ని పచ్చగానో ఎర్రగానో మార్చి వదులుతాయి. పడిన కాంతిలో లేని పచ్చదనం బయటికొచ్చిన కాంతిలో ఉంటుంది. పోనీ, అద్వైతులు చెప్పే మందారం పక్కని స్ఫటికం లాంటిదా? అదీ కాదు. స్ఫటికం పక్కనున్న ఎరుపును అరువు తెచ్చుకుంటుంది; పగడం తనమీద పడినదాన్ని మరొకటిగా చేస్తుంది. కాబట్టి ఈ రంగు ద్రవ్యంలో ముందే కూర్చున్న గుణమూ కాదు, పక్కనున్న వస్తువు అంటించిన భ్రమా కాదు. వెలుతురూ దేహమూ కలిసి చేసే పని. ఇంతకీ సాక్షిగా పిలిచిన తెల్ల ఎల్‌ఈడీ సంగతేమిటి? సాధారణంగా దాని లోపల ఉండేది నీలి చిప్పే. ఆ నీలి ఎల్‌ఈడీ కనిపెట్టినందుకే 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. చిప్ మీది ఫాస్ఫర్ కొంత నీలాన్ని పసుపుగా మారుస్తుంది, రెండూ కలిసి మన కంటికి తెలుపవుతాయి. పగడాన్ని విచారించడానికి తెచ్చిన దీపం కూడా పగడం చేసే పనే చేస్తోంది!

అలాగైతే ఎవరికి నచ్చిన రంగు వాళ్లు వేసుకోవచ్చు కదా అనేది రెండో ఆక్షేపణ. వేసుకోవచ్చు, పగడం వట్టి బొమ్మ అయితే. దాని కణజాలంలో సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. వాటి కిరణజన్య సంయోగక్రియే పగడానికి ప్రధాన జీవనాధారం. వాటి వర్ణకాలు 400 నుంచి 500 నానోమీటర్ల మధ్య కాంతిని బాగా అందుకుంటాయి. జ్ఞానం నిజమో కాదో దాన్ని నమ్మి చేసిన పని ఫలించిందా లేదా అన్నదాన్నిబట్టి తేలుతుందని నైయాయికులే అంటారు. ఆ కొలతతో చూస్తే నీలానికి పెద్దపీట వేయడం సబబే.

అయితే ఏ కొలత నీలాన్ని గెలిపించిందో, అదే కొలత తెలుపును పూర్తిగా ఆర్పేయనివ్వదు. అందం తక్కువని మనం దాచాలనుకునే గోధుమ వన్నె ఆ శైవలాలదే. నీలం ఒక్కటే వెలిగే తొట్టెలో అది పోయినా సులువుగా తెలియదు. పైగా వేడికి తట్టుకోలేక శైవలాలను పోగొట్టుకున్న కొన్ని పగడాలు తెల్లబోవడానికి బదులు ముందెన్నడూ లేనంత కాంతిమంతమవుతాయి. కారణమేమిటో 2020లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వివరించారు. శైవలాలు పీల్చాల్సిన నీలి కాంతి లోపల మిగిలిపోతుంది. దానికి స్పందించి పగడం రంగు ప్రొటీన్లను విపరీతంగా తయారుచేస్తుంది. అవి నీడపట్టి, వెళ్లిపోయిన శైవలాలు తిరిగి రావడానికి తోడ్పడతాయి. నీలి దీపం కింద ఈ కష్టకాలపు మెరుపు, మంచి ఆరోగ్యపు మెరుపు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తెల్ల ఛానల్ కాసేపు వేసి, గోధుమ వన్నె ఎంత మిగిలిందో, పలచబడిన కణజాలం కింద తెల్లని అస్థిపంజరం తొంగిచూస్తోందో లేదో పరీక్షించినవాడికే తేడా తెలుస్తుంది.