వెండి డాలరుకు మార్కులు వేయించాలా?



అమెరికాలో స్థిరపడిన మన పిల్లల్లో ఎవరికైనా ఈ సంగతి ఎదురుకావచ్చు. పక్కింటి ముసలాయన ఒకరు, తనను ఏళ్ళ తరబడి ఆదివారం పూజకు కారులో తీసుకెళ్ళిన తెలుగు కుటుంబానికి చివరి రోజుల్లో ఒక రేకు డబ్బా చేతిలో పెట్టాడనుకోండి. డబ్బాలో ఇరవై పాత వెండి డాలర్లు. "ఉంచుకోండి, మీ పిల్లలకు ఆడుకోవడానికి బాగుంటాయి" అన్నాడనుకోండి. ఆయన పోయిన తరువాత స్నేహితులు వచ్చి చూసి, "వీటిని గ్రేడింగుకు పంపించండి, ఏ పుట్టలో ఏ పాముందో" అంటారు. పంపాలా, వద్దా? ఇది డబ్బు లెక్క అని మీకు అనిపించవచ్చు. సగం వరకే అది డబ్బు లెక్క.

మన కంసాలి గీటురాయి మీద గీసి బంగారం మేలిమి చెబుతాడు. వెండి డాలరుకు ఆ అవసరం లేదు. 1878 నుండి 1904 వరకూ, మళ్ళీ 1921లో ముద్రించిన మోర్గాన్ డాలరు బరువు 26.73 గ్రాములు, అందులో నూటికి తొంభై పాళ్ళు వెండి. 1921లో మొదలై మధ్యలో కొన్నేళ్ళు ఆగి 1935తో ముగిసిన పీస్ డాలరుకూ అదే లెక్క. తేల్చవలసినవి వేరే ఉన్నాయి: నాణెం అసలుదా నకిలీదా, ఎంత అరిగింది, ఎవరైనా దాన్ని తోమారా. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పాత అమెరికా రాగి సెంట్ల కోసం 1 నుండి 70 వరకూ ఒక కొలబద్ద ప్రకటించాడు. తరువాత అదే అన్ని నాణేలకూ అంటుకుంది. 1986లో పి.సి.జి.ఎస్., ఆ మరుసటి ఏడు ఎన్.జి.సి. అనే సంస్థలు వెలిశాయి. వీరు నాణేన్ని పరీక్షించి, దానికి ఒక అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ బిళ్ళలో మూసి సీలు వేసి తిప్పి పంపుతారు. 60 దాటితే అది చేతులు మారని నాణెం. 64కూ 65కూ మధ్య తేడా, టంకశాల సంచిలో ఒకదానికొకటి రాసుకున్న నాలుగు గీతలు. మీకూ నాకూ కనబడవు. కాని కొన్ని సంవత్సరాల నాణేలకు ఆ ఒక్క అంకెతో ధర అనేక రెట్లు పెరుగుతుంది.

లెక్క త్వరగా చెప్పేస్తాను. 1921లో ఒక్క ఫిలడెల్ఫియా టంకశాలలోనే నాలుగు కోట్ల నలభై ఆరు లక్షలకు పైగా మోర్గాన్ డాలర్లు ముద్రించారు. అలాంటి అరిగిన నాణేన్ని పంపితే రుసుము, పోస్టేజీ, బీమా కలిసి, వచ్చే లాభాన్ని మింగేస్తాయి. అదే 1893లో శాన్ ఫ్రాన్సిస్కోలో ముద్రించినవి లక్ష మాత్రమే. వెనుకవైపు దండ ముడి కింద చిన్న ఎస్ అక్షరం ఉంటుంది. అరిగినా దానికి పెద్ద ధర పలుకుతుంది. అందుకే దొంగ ఎస్ అక్షరం అతికించిన నాణేలూ తిరుగుతున్నాయి. అది మీ డబ్బాలో ఉంటే పరీక్ష చేయించక తప్పదు. మరొక్క మాట: నల్లబడిందని చింతపండుతోనో పళ్ళపొడితోనో తోమకండి. మన ఇళ్ళలో వెండి కుందులకు అది మంచిదే. నాణేనికి మాత్రం అది చర్మం ఒలిచినట్టు. తోమిన నాణేనికి మామూలు అంకె దక్కదు.

ఇక మిగిలిన సగానికి వద్దాం. ఒక పేద విధవరాలు భర్త దాచిన నాణేలను అంగడికి తెచ్చి, వెండి ధరకు ఇచ్చేస్తానంటుంది. అందులో ఆ 1893 నాణెం ఉందని దుకాణదారు ఒక్క చూపులో పసిగట్టాడు. నోరు మూసుకుని తూకం వేయవచ్చునా? "నా కంటికి ముప్పై ఏళ్ళ చదువు ఉంది, ఆ చదువు ఉచితంగా ఎందుకు పంచాలి?" అని అతడు అడగవచ్చు. అడగడంలో కొంత న్యాయం లేకపోలేదు. పునీత తోమాస్ అక్వినాస్ 13వ శతాబ్దంలోనే ఈ ప్రశ్నకు జవాబు చెప్పాడు. అమ్మేవాడు బంగారాన్ని ఇత్తడి అనుకుని అమ్ముతుంటే, నిజం తెలిసి కొన్నవాడు అన్యాయం చేసినట్టే, ఆ తేడాను తిరిగి ఇచ్చుకోవలసిందే అన్నది ఆయన తీర్పు. అయితే ఆయనే మరోచోట కొంత సడలించాడు. ఊళ్ళో గింజల ధర ఎక్కువగా ఉంది, వెనుక మరిన్ని బళ్ళు వస్తున్నాయని వర్తకుడికి తెలుసు. ఆ మాట చెప్పకుండా నేటి ధరకు అమ్మితే న్యాయం తప్పినట్టు కాదు, చెబితే అది మరింత సద్గుణం అన్నాడు.

ఈ రెండో ఉదాహరణ అచ్చంగా డాలర్ల చరిత్రలో జరిగింది. 1903లో న్యూ ఆర్లియన్స్‌లో ముద్రించిన డాలరు 1962 వరకూ అరుదైనదని పేరు. దాని కోసం సేకర్తలు పెద్ద మొత్తాలు పోశారు. ఆ ఏడాది చివర అమెరికా ఖజానా నుండి అవే నాణేలు సంచులకు సంచులు బయటపడ్డాయి. ధర పాతాళానికి పోయింది. సంచులు వస్తున్నాయని ముందే విన్నవాడు తన ఒక్క నాణేన్ని ఆ ముందురోజు అమ్ముకుని ఉంటే? అక్వినాస్ అతడిని వదిలేస్తాడేమో. నాకు మాత్రం అంత తేలికగా వదిలేయబుద్ధి కాదు. గింజల బండి రేపు ఎలాగూ కళ్ళకు కనబడుతుంది. ఖజానా గది తాళం ఎవరు తీస్తారో కొన్నవాడికి ఎలా తెలుస్తుంది?

పక్కింటి ముసలాయన డబ్బా ఇంకా చిక్కైనది. అది అమ్మకం కాదు, కానుక. చట్టం ప్రకారం ఇచ్చినది మీదే. కాని ఆయన ఇచ్చింది ఆటబొమ్మలనుకుని. అందులో ఒకటి పిల్లవాడి కాలేజీ చదువంత విలువ చేస్తుందని పరీక్షలో తేలితే, ఆయన కొడుకుకు కబురు చెప్పాలా? చెప్పాలనే నా అభిప్రాయం. నాణెం తిరిగి ఇవ్వాలని కాదు. ఆ కొడుకు ముందు నిలబడి మాట్లాడగలగాలి అని. ఇక్కడే కొందరు ఒక ఉపాయం పన్నుతారు: "అసలు పంపనే వద్దు, తెలియకపోతే బాధ్యతే ఉండదు." చదువరీ, ఇది నిరాడంబరతలా కనబడుతుంది గాని కాదు. డబ్బు మీద ఆశ లేక పంపనివాడు వేరు, చెప్పవలసి వస్తుందేమోనని పంపనివాడు వేరు. రెండోవాడు ఆ నాణేన్ని ఎవరికీ చూపకుండా దాచి, ఏనాటికైనా అమ్ముతాడు.

దీనికి వ్యతిరేక రోగం మరొకటి ఉంది. అంకె 64 వచ్చిందని నచ్చక, ప్లాస్టిక్ బిళ్ళ పగలగొట్టి నాణేన్ని మళ్ళీ పంపుతారు. మళ్ళీ 64. మళ్ళీ పగలగొడతారు. ఏదో ఒకనాడు, వేరొకరి కంటికి, 65 వస్తుంది. చూసేది మనుషులే కనుక ఇది జరుగుతుంది. ఒక్కసారి పునఃపరిశీలన అడగడం తప్పు కాదు. పరీక్ష పేపరు మళ్ళీ దిద్దమని విద్యార్థి అడగడం లేదూ? కాని నాలుగుసార్లు కాదన్న సాక్షులను పక్కకు నెట్టి, ఐదో సాక్షిని మాత్రమే కొనేవాడి ముందు నిలబెట్టడం నాకు కూట సాక్ష్యానికి దగ్గరగా కనబడుతుంది. వ్యాపారంలో అది మామూలే అంటారు. మామూలే కావచ్చు.

అన్నదమ్ముల పంపకాలలో మాత్రం బయటివాడి అంకె మేలు చేస్తుంది. పెద్దవాడు పోల్చి చెప్పిన ధర చిన్నవాడు నమ్మడు. అక్కడ రుసుము దండగ కాదు.

ఇదంతా దూరదేశపు గొడవ అనుకోకండి. 1918లో అమెరికా పిట్మన్ చట్టం చేసి ఇరవై ఏడు కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. యుద్ధకాలంలో మన దేశంలో వెండి రూపాయల కరువు వచ్చి, బ్రిటిషువారు అమెరికాను వెండి అడగగా, కరిగిన దానిలో చాలా భాగం ఓడలెక్కి ఇక్కడికి వచ్చి జార్జి రాజు బొమ్మ రూపాయలుగా మారింది. ఒక డాలరు వెండితో రెండుంపావు రూపాయలు తయారవుతాయి. ఆ కాలపు రూపాయలు మీ ఇంటి భోషాణంలోనూ ఉండవచ్చు. చాలామంది అమ్మమ్మల మెడలో అవి కొక్కెం అతికించుకుని వేలాడాయి. అలాంటి రూపాయికి గ్రేడింగువారు మామూలు అంకె వేయరు, చెడిపోయినదని రాసి పంపుతారు. పంపదలిస్తే అది ముందే తెలుసుకోండి. ధర పెరుగుతుందని కంసాలి చేత కొక్కెం మాత్రం ఊడబీకించకండి. మచ్చ ఉండనే ఉంటుంది, అమ్మమ్మ వేసుకున్న గుర్తు పోతుంది.