చేయి విడువని ధర్మము

“మంత్రసానితనమునకు ఒప్పుకొన్న తరువాత ఏది వచ్చినను పట్టవలసినదే” యని పెద్దల సామెత. చేపట్టిన పనిలో తనకు ఇష్టమైన పాలును మాత్రమే ఏరుకొనరాదని దీని భావము. సముద్రములు దాటిన తెలుగువారు ఆస్తులను తేలేకపోయినను ఇట్టి మాటలను వెంట తెచ్చుకొన్నారు. నేడు అరబ్బు దేశమున జీవించు తెలుగు తల్లుల కానుపు గదిలోనికి ఒక క్రొత్త వృత్తి ప్రవేశించినది. ఆ వృత్తి ధర్మమును విచారించుటకు ఈ పాత సామెతయే దారి చూపును.

ఆ వృత్తి చేయు స్త్రీని డౌలా అందురు. ఇది గ్రీకు పదము; పూర్వము దాసి యని దాని అర్థము. అమెరికాకు చెందిన మానవశాస్త్రవేత్త డేనా రాఫెల్ 1973లో తల్లిపాలను గూర్చి వ్రాసిన గ్రంథము వలన ఇది నేటి అర్థమున వ్యాపించినది. డౌలా మంత్రసాని కాదు. మంత్రసాని బిడ్డను పట్టును. డౌలా తల్లి చేతిని పట్టును. ఆమె రక్తపు పోటు చూడదు, మందు ఇయ్యదు, లోపరీక్ష చేయదు. నడుము నిమురుట, ఊపిరి నెమ్మదిగా తీయుమని చెప్పుట, నోరు తడుపుట, బెదరిన భర్తకు ధైర్యము చెప్పుట, అన్నిటికంటె మిన్నగా తల్లిని విడిచి పోకుండుట ఆమె పనులు.

ఇవి చిన్న పనులని తలపరాదు. 2017లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 17 దేశములలో 15,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన 26 పరిశీలనలను పోల్చి చూచినది. ఎడతెగని తోడు లభించిన తల్లులలో సహజ ప్రసవములు ఎక్కువగాను, సిజేరియన్లు తక్కువగాను, నొప్పుల కాలము కొంత కురచగాను ఉన్నట్లు తేలినది. ప్రసవ సమయమున ప్రతి తల్లికి తాను కోరిన తోడు ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసినది.

1960లో కెనెడీ వైద్య దంపతులు అల్ ఐన్‌లో ఆసుపత్రి స్థాపించుటకు పూర్వము అచ్చటి తల్లులకు ‘దాయా’లే దిక్కు. 1977లో అబూధాబిలో కార్నిష్ ప్రసూతి ఆసుపత్రి తెరువబడినది. నేడు ఎమిరేట్లలో వైద్య సౌకర్యములకు కొదువ లేదు. డాక్టరుకును మిడ్‌వైఫ్‌కును ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. కొదువ ఉన్నది అమ్మకు. తొలి కానుపు పుట్టింట జరుగుట తెలుగువారి ఆచారము. దుబాయిలోనో షార్జాలోనో ఉన్న యువతికి నెలలు నిండిన పిమ్మట విమానయానము కుదరదు. తల్లి రాకకు వీసా, ఖర్చు, అనారోగ్యము అడ్డుపడవచ్చును. నర్సు పలుకునది మలయాళమో, తగలోగో, అరబ్బీయో కావచ్చును. నొప్పి మాత్రము మనిషిని మాతృభాషలోనే పలికించును.

ఈ ఒంటరితనము తోటల సంతతివారికి క్రొత్తది కాదు. 1843లో కోరంగి రేవు నుండి మారిషసుకు, 1860లో మదరాసు నుండి ట్రూరో ఓడలో నేటాలుకు వచ్చిన తల్లులకు పుట్టిల్లు సముద్రమునకు ఆవల నిలిచిపోయినది. లైనులో ప్రక్క గది స్త్రీయే వారికి అమ్మ అయినది. తోటలలో వినబడిన ‘దాయి’ మాటయు, అరబ్బుల ‘దాయా’ మాటయు ఒక్కటే.

అయితే ఆ పొరుగు స్త్రీ కూలి అడుగలేదు. డౌలా రుసుము తీసికొనును. ప్రేమను వెలకు అమ్మవచ్చునా యని కొందరు ప్రశ్నింతురు. గురువు జీతము తీసికొనును, పురోహితుడు దక్షిణ తీసికొనును. అందువలన విద్యయు మంత్రమును మలినము కాలేదు. మలినము చేయునది మరుగుపరచిన ఒప్పందము. చదువలేని కాగితముపై వేలిముద్ర వేయుట ఎట్టిదో గిర్మిట్ సంతతివారికి వేరుగా చెప్ప నక్కరలేదు. కావున డౌలా తాను ఏమి చేయునో, ఏమి చేయదో, రుసుమెంతో, తాను జబ్బుపడినచో ఎవరు వత్తురో, ఆసుపత్రివారు తనను లోనికి రానీయనిచో ఏమగునో ముందుగానే తల్లికి తెలిసిన భాషలో చెప్పవలెను. సహజ ప్రసవము తప్పక జరుగునని మాట ఇయ్యరాదు. 26 పరిశీలనలు అనేకులను గూర్చి చెప్పునే గాని ఒక్క తల్లికి హామీ ఇయ్యవు.

అసలైన పరీక్ష గదిలో వచ్చును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి దాదాపు 61 కానుపులు సిజేరియన్లే. అచ్చటినుండి వచ్చిన ఒక యువతి కత్తి తగులరాదని గట్టిగా కోరుకొన్నదనుకొనుడు. పన్నెండు గంటల నొప్పుల పిమ్మట బిడ్డ గుండె చప్పుడు తగ్గుచున్నది, సిజేరియన్ చేయవలెనని డాక్టరు చెప్పినది. ఆ యువతి డౌలా చేయి పట్టుకొని, “నువ్వే చెప్పక్కా, ఏం చెయ్యమంటావు?” అని అడిగినది.

ఆ క్షణమున ‘వద్దు’ అన్నను తప్పే, ‘సరే’ అన్నను తప్పే. మొదటిది తాను నేర్వని వైద్యము; రెండవది తనది కాని సమ్మతి. ఎమిరేట్లలో 2016 నాటి వైద్య బాధ్యత చట్టము ప్రకారము శస్త్రచికిత్సకు రోగి వ్రాతపూర్వక సమ్మతి కావలెను. అత్యవసరములో మాత్రమే మినహాయింపు. కావున ఆమె చెప్పదగిన మాట ఇది: “నీకేది అర్థం కాలేదో చెప్పమ్మా, డాక్టరుగారిని అడుగుదాం. నువ్వు ఏది అనుకున్నా నేను ఇక్కడే ఉంటాను.” అట్లే, వివరము చెప్పకుండ తొందరపెట్టువారు ఎదురైనప్పుడు తల్లికి ప్రశ్నను గుర్తు చేయకపోవుటయు దోషమే. నోరు మూసికొనుట వినయము కాదు.

కన్నతల్లియైనచో ఏదో ఒకటి చెప్పెడిది గదా, ఇది కఠినము కాదా యని శంక కలుగవచ్చును. కన్నతల్లి ఆ నిర్ణయపు ఫలమును కూతురితో పాటు జీవితాంతము మోయును. డౌలా కొద్ది దినములలో సెలవు తీసికొనును. ఫలమును మోయనివారు నిర్ణయమును చేతిలోనికి తీసికొనరాదు. అదే రీతిగా గదిలో విన్నది గదిలోనే ఉండవలెను. తెలుగువారు కొద్దిమంది యున్న చోట వెనుకటి గర్భస్రావమును గూర్చియో, భార్యాభర్తల మాటలను గూర్చియో ఒక్క మాట జారినను, అది పండుగ పందిరి వరకు ప్రాకును.

సీతాదేవి పుట్టింటను కాదు, మెట్టినింటను కాదు, వాల్మీకి ఆశ్రమమున ప్రసవించినది. ఆమె వద్ద నున్నది వృద్ధ తాపస స్త్రీలు. రాజు చేసినది న్యాయమా యని వారు ఆ రాత్రి తీర్పు చెప్పలేదు. చేయవలసిన పరిచర్య చేసినారు.

ఇక సామెతకు మరల రావలెను. డౌలా బిడ్డను పట్టదు. కాని వాంతి వచ్చినను, తిట్టు వచ్చినను, సిజేరియన్ వచ్చినను ఆమె తల్లిని విడువరాదు. ఒక్కొకప్పుడు బిడ్డ పుట్టును, ఏడుపు వినబడదు. చెప్పుటకు మాట ఉండదు. ఆ గడియలో కూడ చేయి విడువని స్త్రీయే తన వృత్తిని నెరవేర్చినది. దూరదేశమున నొప్పులు పడు ప్రతి తెలుగు బిడ్డకు అట్టి చేయి ఒకటి దొరకుగాక!