పని అయిపోయిన రథం



ఈ వారం వీడియోలో అర్జునుడి రథం గురించి చెప్పుకున్నాం కదా. దాని వెనక నా సొంత కథ ఒకటుంది, అది ఇక్కడ రాస్తున్నా.

మూడేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఒక జర్మన్ లగ్జరీ కారు కొన్నాను. 2013 మోడల్. ఆఫీసు పార్కింగ్‌లో దిగుతుంటే నలుగురూ తిరిగి చూసేవాళ్లు. నిజం చెప్పాలంటే ఆ చూపుల కోసమే కొన్నా. మొన్న శ్రావణంలో ఒక పొద్దున చూస్తే కారు ముందు భాగం కుంగిపోయి ఉంది. ఎయిర్ సస్పెన్షన్ పోయిందన్నారు, గేర్‌బాక్స్ కూడా పాడైందన్నారు. ఎస్టిమేట్ 3 లక్షల 80 వేలు. అన్నీ బాగు చేయించి అమ్మినా వచ్చేది 6 లక్షలే.

"ఇప్పటికే 2 లక్షలు పోశానమ్మా, ఇప్పుడెలా వదిలేయను?" అన్నాను. అమ్మ ఒకటే అడిగింది: "కారు నిన్ను మోస్తోందా, నువ్వు కారుని మోస్తున్నావా నాన్నా?"

అప్పుడు గుర్తొచ్చింది శల్యపర్వంలోని ఘట్టం. 18వ రోజు యుద్ధం ముగిసింది. కృష్ణుడు అర్జునుణ్ణి గాండీవంతో సహా ముందు దిగమన్నాడు, తర్వాత తను దిగాడు. జెండా మీది కపి మాయమైంది. చూస్తుండగానే రథం బూడిదైపోయింది! ఆశ్చర్యపోయిన అర్జునుడికి స్వామి చెప్పిన మాట ఏంటంటే: ద్రోణుడి, కర్ణుడి అస్త్రాలకు ఇది ఎప్పుడో కాలిపోయింది, నేను కూర్చున్నాను కాబట్టి నిలబడింది, నీ పని అయింది కాబట్టి వదిలేశాను.

గమనించారా? అగ్నిదేవుడి వల్ల దొరికిన దివ్యరథానికే ఒక పని ఉంది, ఆ పనికి ఒక ముగింపు ఉంది. మన ఈఎంఐ రథాలెంత?

అలాగని పాతది కనబడగానే మార్చేయమని కాదు. ఇంజిన్, బాడీ బాగుండి, రాబోయే రెండేళ్ల రిపేర్ల ఖర్చు కొత్త కారు ఈఎంఐ, తరుగుదల కన్నా తక్కువైతే బాగు చేయించుకోవడమే వివేకం. కొత్తదాని మీద మోజు కూడా మోహమే. అయితే లెక్క వేసేటప్పుడు రెండు పక్కన పెట్టేయండి: ఇప్పటికే పోసిన డబ్బు, నలుగురు ఏమనుకుంటారన్న భయం.

అవి తీసేస్తే నాకు మిగిలింది రోజూ 14 కిలోమీటర్ల ప్రయాణం. దానికి చిన్న కారు చాలు. అమ్మేద్దామనుకున్నా.

అసలు పరీక్ష అక్కడే వచ్చింది. "గేర్‌బాక్స్ సంగతి ఎత్తకండి అన్నా, స్కానర్‌తో ఫాల్ట్ కోడ్ చెరిపేస్తా, లక్ష ఎక్కువొస్తుంది" అన్నాడు మెకానిక్. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ లక్ష నాకు నిజంగా అవసరం. కానీ కృష్ణుడు రథం ముందే కాలిపోయిందన్న నిజం దాచలేదు కదా! కొనడానికి వచ్చినాయన చేతిలో ఎస్టిమేట్ కాగితం పెట్టేశాను. 1 లక్షా 90 వేలకే పోయింది.

ఇప్పుడు పార్కింగ్‌లో ఎవరూ తిరిగి చూడరు. నేను కూడా ఎవరు చూస్తున్నారా అని చూడట్లేదు.

మీ ఇంట్లో ఇలా పని అయిపోయిన రథం ఏదుందో ఈ రోజు దీపం పెట్టాక ఒక్క నిమిషం ఆలోచించండి.

శ్రీకృష్ణార్పణమస్తు.