బూడిద మీద నాటబడిన చెట్లు

ధ్యానమునకు: యెషయా 61:1-4; యోబు 2:8-13



బూడిద అనగా ఏమో మనకు ఎవరును నేర్పనక్కరలేదు. రామగుండములోను గోదావరిఖనిలోను కాపురముండువారు దండెము మీద ఆరిన బట్టను దులిపి గాని మడత పెట్టరు. మన దేశపు బొగ్గు కాలినప్పుడు అందులో ఇంచుమించు మూడవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, బూడిదగా మిగులును. రామగుండము విద్యుత్కేంద్రములో 1983లో మొదటి యూనిట్టు నడిచినది మొదలుకొని ఆ బూడిదను నిలుపుటకు చెరువులే కట్టవలసివచ్చినది. కాబట్టి దుఃఖించువారి తలమీది బూడిదను గూర్చి యెషయా ప్రవక్త పలికిన మాట మనకు దూరపు మాట కాదు.

ఆ మూడవ వచనమును మనలో చాలమంది కంఠస్థముగా ఎరుగుదురు. బూడిద పోయి పూలదండ వచ్చునని చదివి సంతోషించి అక్కడనే ఆగిపోవుదుము. అయితే దాని చివరి భాగమును చూడుడి. ఎవరి తలమీద బూడిద ఉండెనో వారినే దేవుడు చెట్లని పిలుచుచున్నాడు. తన చేతితో నాటిన మస్తకివృక్షములని వారికి పేరు పెట్టుచున్నాడు. పూలదండను ఒక్క పూటలో కట్టవచ్చును. చెట్టు ఒక్క పూటలో పెరుగదు. బూడిదకును చెట్టుకును నడుమ దేవుడు చేయు పని ఎట్టిది? కొండల మీద ఆయన నిజముగానే బూడిదలో అడవులను పెంచియున్నాడు. ఆ విధమును కొంచెము తెలిసికొన్నయెడల ఈ వాగ్దానము మనకు మరింత తేటపడును.

అగ్నిపర్వతము చిమ్ము బూడిద మన పొయ్యిలోని బూడిదవంటిది కాదు. పొయ్యిలోనిది కాలినదాని శేషము. అగ్నిపర్వతపు బూడిద భూగర్భమున కరిగిన రాయి. లోపలి ఆవిరుల బలముచేత అది తునాతునకలై, గాజుపొడివలె ఆకాశమున కెగసి, గాలి పోయినంత దూరము పోయి పడును. చూపునకు బూడిదవలె నుండుటచేత దానికి ఆ పేరు కలిగినది.

అట్టి బూడిద మన తెలుగు నేలమీదను పడినది. ఇప్పటి నంద్యాల జిల్లాలో బనగానపల్లె ప్రాంతమున, జుర్రేరు లోయలో, జ్వాలాపురమను పల్లె యున్నది. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతము పగిలెను. పర్వతము కూలిన చోట నేడు సుమారు 100 కిలోమీటర్ల పొడవుగల సరస్సు ఉన్నది. దాని బూడిద సముద్రమును దాటివచ్చి మన దేశము మీద కురిసెను. ఇన్ని వేల సంవత్సరములా అని ఎవరును కలవరపడనక్కరలేదు. ప్రభువు లెక్కలో వెయ్యి సంవత్సరములు ఎంతటివో పేతురు తన రెండవ పత్రిక మూడవ అధ్యాయములో మనకు తెలియజేసియున్నాడు. రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా మొదలగు పండితులు జ్వాలాపురమున త్రవ్వి చూచి, తాము కనుగొన్నదానిని 2007లో ప్రకటించిరి. బూడిద పొరకు క్రిందను మనుష్యులు చేసిన రాతి పనిముట్లు దొరకెను. పైనను ఇంచుమించు అట్టివే దొరకెను. ఆకాశము బూడిదను కురిపించినను ఆ పనిముట్లు చేసిన చేతులు అంతరించిపోలేదని వారి అభిప్రాయము.

ఆ లోయలో మరియొక సంగతి కలదు. ఆకాశమునుండి నేరుగా పడిన పొర మందము స్వల్పమే. అయినను కొన్నిచోట్ల బూడిద రెండు మీటర్లకు మించి పేరుకొని యున్నది. చుట్టునున్న గుట్టల మీద పడినదానిని వానలు కడిగి పల్లమునకు చేర్చెను. అక్కడ దానిమీద మన్ను కప్పుకొనెను. పూడిపోయిన ఆ బూడిద నేటికిని బూడిదగానే యున్నది. పాత్రలు తోము పొడుల కొరకు దానిని త్రవ్వి తీసికొనిపోయిరి.

ఇక సుమత్రాకును జావాకును నడుమ సముద్రములోనున్న క్రకటోవా దీవిని చూడుడి. అది 1883 ఆగస్టు 27న పగిలినప్పుడు 36,000 మందికి పైగా మరణించిరి. సముద్రము పొంగి తీరములను ముంచుటవలన చనిపోయినవారే ఎక్కువ. మిగిలిన దీవి ముక్క మీద పచ్చని ఆకు ఒక్కటియు లేక అంతయు బూడిదతో కప్పబడెను. తొమ్మిది నెలలు గడచిన తరువాత, 1884 మేలో, అక్కడ దిగి వెదకినవారికి కనబడిన ప్రాణి ఒక్కటే. అది మిక్కిలి చిన్న సాలీడు, గూడు అల్లుకొనుచుండెను. 1886లో ట్రూబ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వెళ్ళి చూడగా బూడిద మీద జిగటగల నాచు పొర ఏర్పడియుండెను; ఆ నాచు మీద ఫెర్ను మొక్కలు మొలచియుండెను. తరువాత గడ్డి వచ్చెను. గాలియు అలలును పక్షులును విత్తనములను తెచ్చెను. 1930 నాటికి ఆ దీవి వాలులు అడవితో నిండెను.

ఇది జరుగు విధమేమనగా, తడి తగిలిన కొలది ఆ గాజుపొడి కరగును. రాలిన ఆకులు దానిమీద కుళ్ళును. కరిగిన ఖనిజములు ఆ ఆకుకుళ్ళును గట్టిగా పట్టుకొని సులభముగా విడువవు. ఇట్లు తరతరములకు నల్లని మన్ను తయారగును. దీనికి శాస్త్రజ్ఞులు ఆండోసాల్ అని పేరు పెట్టిరి. జపాను భాషలో నల్లని మన్ను అను అర్థమిచ్చు మాటనుండి ఆ పేరు వచ్చినది. పిడికిట పట్టి చూచిన అది తేలికగా నుండును. నీటిని స్పంజివలె పీల్చి నిలుపుకొనును. ప్రపంచపు భూభాగములో ఇది నూటికి ఒక పాలు మాత్రమే. అయినను దానిని నమ్ముకొని బ్రదుకు రైతులు అనేకులు.

ప్రియులారా, ఇందులో మనము నేర్చుకొనవలసిన సంగతులు మూడు ఉన్నవి.

మొదటిది: పూడ్చిపెట్టిన బూడిద బూడిదగానే యుండును. జ్వాలాపురపు బూడిదయు, అడవిని మోయు కొండల బూడిదయు ఆకాశమునుండి పడిన విధమొక్కటే. ఒకదానిమీద మన్ను కప్పబడెను. మరియొకదానిలోనికి వాన దిగెను, వేరు దిగెను, పురుగు దిగెను. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ దినమున తల్లుల ఒడిలోనున్న బిడ్డలు నేడు పెద్దవారైరి. అట్టి ఇండ్లకు మనము మొదటి వారములో వెళ్ళుదుము, పాట పాడుదుము, ప్రార్థన చేయుదుము. సంవత్సరము తిరిగిన తరువాత చనిపోయినవాని పేరు ఎత్తుటకే జంకుదుము. దానిని మరచిపొమ్మని చెప్పుదుము. మరచుట స్వస్థత కాదు, అది మన్ను కప్పుట. దుఃఖము లేనట్లు నటింపుమని దేవుని వాక్యము ఎక్కడను చెప్పలేదు. యెషయా చెప్పిన అభిషిక్తుడు దుఃఖించువారియొద్దకే పంపబడెను. వారి బూడిదను చూడనట్లు దాటిపోలేదు. లాజరు సమాధియొద్ద మన ప్రభువు కన్నీరు విడిచెను. ఆ కన్నీరు దిగని బూడిదలో ఏదియు మొలవదు.

రెండవది: దేవుని పని అల్పముగా మొదలై నిదానముగా జరుగును. తొమ్మిది నెలలకు ఒక్క సాలీడు! ఆ దినమున క్రకటోవాకు వెళ్ళి ఇక్కడ అడవి పెరుగునని ఎవడైన చెప్పినయెడల నవ్వుదురు. మనమైతే దుఃఖములోనున్న సహోదరిని చూచి మూడవ నాడే, అంతయు మేలుకే జరిగినదమ్మా అని చెప్పివేయుదుము. యోబు బూడిదలో కూర్చుండినప్పుడు అతని స్నేహితులు ముగ్గురును వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాటయు పలుకక అతనితోకూడ నేలమీద కూర్చుండిరి. వారు యోబుకు చేసిన మేలు ఆ ఏడు దినములే. నోరు తెరచి కారణములు చెప్ప మొదలుపెట్టిన తరువాత వారు తప్పిపోయిరి; చివరి అధ్యాయములో దేవుడే వారిమీద కోపపడెను. ఆ నల్లమన్నులోను ఒక కష్టము కలదు. రైతు వేసిన భాస్వరపు ఎరువును అది బిగించి పట్టుకొనును. పైరుకు దక్కునది కొంచెమే. మంచి నేలయైనను అడిగిన వెంటనే ఇయ్యదు. మన ఓదార్పు మాటలును అట్లే. పది మాటలు చెప్పగా ఒకటి అందును. అందలేదని విసుగుకొని ఆ ఇంటికి వెళ్ళుట మానవద్దు.

మూడవది: వాలు మీది మన్నును వేళ్ళే నిలుపును. ఇటలీ దేశములో వెసూవియస్ అగ్నిపర్వతము పూర్వము చిమ్మిన బూడిద చుట్టుప్రక్కల సున్నపురాతి కొండల మీద మన్నుగా నిలిచి, దానిమీద చెస్ట్‌నట్ చెట్ల అడవులు పెరిగెను. 1998 మే 5న, వానలు విడువక కురిసిన తరువాత, ఆ మన్ను అనేక చోట్ల జారి బురదయేరై సార్నో పట్టణము మీదను, దాని పొరుగు గ్రామముల మీదను పడెను. సుమారు 160 మంది మరణించిరి. అడవియున్నను అది జరిగెను. తరువాత పరిశీలించినవారు చూడగా, కొండ వాలును అడ్డముగా కోసి వేసిన బాటలయొద్దనే అనేక చరియలు తెగినవని కనబడెను. రాకపోకల సౌకర్యము కొరకు చేసిన కోత అది.

దేవుడు ఎన్నో ఏండ్లుగా కట్టిన బ్రదుకును మనము చిన్న కోతతో తెంపవచ్చును. జీతము అందిన సాయంకాలము ఇంటికి పోక మరియొక దారి పట్టుట ఒక కోత. వడ్డీకి తెచ్చి పెండ్లి చేయుట ఒక కోత. రిటైరైన తండ్రి డబ్బు కొరకు అన్నదమ్ములు మాటలు మానుట ఒక కోత. ఎండ కాయుచున్నంత కాలము ఇవేవియు కనబడవు. వాన కురిసిన రాత్రి తెలియును. ఓపెన్ కాస్టు గనులనుండి తీసిపోసిన మట్టి గుట్టలను మీరు దినదినము చూచుచున్నారు. చెట్టు నాటని గుట్ట ఒక్క వానాకాలములో చారలు చారలుగా కోసుకొనిపోవును. చెట్లు నాటిన గుట్ట నిలుచును. ఆ గుట్టలు అగ్నిపర్వతపు మన్ను కావు. విద్యుత్కేంద్రపు బూడిదయు ఆ నల్లమన్నుతో సమానము కాదు; దానిని ఎక్కడబడితే అక్కడ పోసి పొలమగునని ఎవరును అనుకొనవద్దు. అయినను వేరు లేని వాలు నిలువదను మాట అన్నిటికిని ఒక్కటే.

సంఘము అట్టి వేరుగా నుండవలెను. సుమత్రాలోనే సినబుంగ్ అను పర్వతము కలదు. దాని చుట్టునున్న కరో ప్రజలలో అనేకులు ప్రొటెస్టంటు క్రైస్తవులు. సుమారు 400 సంవత్సరములు నిద్రించిన ఆ పర్వతము 2010లో మేల్కొనెను. 2013 మొదలు మరల మరల పగులుచుండగా వేలాదిమంది ఇండ్లు విడిచిపోయిరి. అప్పుడు సంఘముల మందిరములు అనేకులకు తలదాచుకొను చోటులాయెను. వారి తాతల కాలమునుండి కూరగాయలు పండించిన నల్లమన్ను అగ్నిపర్వతము ఇచ్చినదే; వారిని ఊరు విడిపించిన బూడిదయు అగ్నిపర్వతముదే. ఒక బూడిద పొలమగుటకు ఎన్ని తరములు పట్టెనో వారెరుగుదురు. ఈ బూడిద పొలమగువరకు ఒకరినొకరు పట్టుకొని యుండవలెననియు వారెరుగుదురు.

బొగ్గుబాయిలో పనిచేయువారలారా, మీ చేతికి వచ్చు బొగ్గు సయితము ఒకప్పటి అడవియే. మన గోదావరి లోయలో కూలిన చెట్లను దేవుడు వృథాపోనియ్యలేదు. ఆయన మీ కన్నీటిని వృథాపోనిచ్చునా? అయితే నాల్గవ వచనమును మరువవద్దు. చెట్లని పేరుపొందినవారే పూర్వము పాడైన స్థలములను మరల కట్టుదురని అక్కడ వ్రాయబడియున్నది. ఓదార్పు పొందినవారికి పని యున్నది. ఈ నెలలో ప్రతి కుటుంబమువారును, దుఃఖము కలిగి సంవత్సరము దాటిన ఒక ఇంటిని తలంచుకొని అక్కడికి వెళ్ళుడి. ఉపదేశము చేయవద్దు. చనిపోయినవారి పేరు చెప్పి, వారిని గూర్చి అడిగి, చెప్పినంతసేపు వినుడి. చేతనైనయెడల వానలు పడగానే ఆ ఇంటి వాకిట ఒక వేపమొక్క నాటి రండి. రెండు వేసవులు దానికి నీళ్ళు పోయుటకు మీరే వెళ్ళుచుండుడి.

ప్రార్థన: కొండలను ముట్టి పొగ లేపువాడవును, చల్లారిన బూడిద మీద నాచును మొలిపించువాడవునైన తండ్రీ, మా మధ్య బూడిదలో కూర్చున్నవారిని నీవెరుగుదువు. వారియొద్ద మౌనముగా కూర్చుండు ఓర్పును మాకిమ్ము. మా సౌకర్యము కొరకు మేము చేసికొను కోతలను మాకు చూపుము. వాలుమీద నున్న మమ్మును ఒకరి వేళ్ళు ఒకరితో పెనవేసి నిలుపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.